చెవి సొంతం, గొంతు అద్దె

వాట్సాప్‌కి యజమాని ఉన్నాడు. ఫేస్‌బుక్‌కి ఉన్నాడు, టెలిగ్రామ్‌కి ఉన్నాడు. ఈమెయిల్‌కి లేడు. జీమెయిల్‌కి ఉన్నాడు గానీ ఈమెయిల్‌కి లేడు. ఈ రెండూ వేరువేరన్న సంగతి మా తరంవాళ్లు సగం మర్చిపోయారు, తర్వాతివాళ్లకి ఎవరూ చెప్పినట్టు లేదు. ఆ మధ్య ఒక దుకాణంలో బిల్లు పంపడానికి మెయిల్ అడ్రసు అడిగితే చెప్పాను. కౌంటర్లో అబ్బాయి ముందు ముక్క టైపు చేసి, చివర జీమెయిల్ డాట్ కామ్ తనే తగిలించేశాడు. అది కాదు బాబూ అంటే, "ఈమెయిలే కదండీ అడిగింది" అన్నాడు.

అతన్ని అనడానికేం లేదు. నిజంగా విచిత్రమైనది ఈమెయిలే. 1982 ఆగస్టులో జాన్ పోస్టెల్ రాసిన ఆర్‌ఎఫ్‌సీ 821 అనే పత్రం ఉంది. ఉత్తరం ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కి ఎలా చేరాలో అందులో రాశారు. తర్వాత సవరించారు, చేర్చారు, మూలం మాత్రం అలాగే ఉంది. ఆ పత్రంలో పెద్దవాడు, చిన్నవాడు అన్న లెక్కే లేదు. లైసెన్సు ఊసు లేదు. ఇంటర్నెట్‌కి తగిలించిన యంత్రం, దానికో పేరు ఉంటే ఉత్తరాలు పుచ్చుకోవచ్చు, పంపుకోవచ్చు. ఆ యంత్రం కాలిఫోర్నియాలో ఫుట్‌బాల్ మైదానమంత డేటా సెంటర్లో ఉన్నా, రాజమండ్రిలో మా గుమ్మం పక్కన చెప్పుల స్టాండు మీద ఉన్నా రూలు ఒకటే.

మాది చెప్పుల స్టాండు మీదే ఉంది. ఫైబర్ తీగ గోడలోంచి బయటికొచ్చేది అక్కడ కాబట్టి, వేరే చోటు కుదరలేదు. తెర పగిలిన పాత లాప్‌టాప్. ఈ పనికి తెర అక్కర్లేదు, బ్యాటరీ ఉంటే చాలు. పైన లినక్స్, ఉత్తరాలు పుచ్చుకోవడానికి పోస్ట్‌ఫిక్స్, వాటిని నా ఫోనుకి చూపించడానికి డవ్‌కాట్. రెండూ ఉచితమే. పోస్ట్‌ఫిక్స్‌ని వీట్సే వెనెమా ఐబీఎంలో ఉన్నప్పుడు రాశాడు, డవ్‌కాట్‌ని ఫిన్లండ్ కుర్రాడు టిమో సిరైనెన్ మొదలుపెట్టాడు. ప్రపంచంలో ఉత్తరాలు మోసే యంత్రాలు చాలావాటిలో ఉన్నవి ఇవే. అంటే సరంజామా విషయంలో చాలా కంపెనీలకీ నాకూ మధ్య చెప్పుకోదగ్గ ఎడం లేదు.

ఒక ఉత్తరం వచ్చేటప్పుడు రెండు యంత్రాలు మాట్లాడుకోవడం చూస్తే నాకు ఇప్పటికీ సరదాగా ఉంటుంది. తెరిచి చూడాలనుకుంటే అక్షరం అక్షరం చూడొచ్చు. వచ్చిన యంత్రం తన పేరు చెప్పి పలకరిస్తుంది. మాది 250 అంటుంది, అంటే సరే. ఫలానావారి దగ్గర్నుంచి వచ్చాను. 250. ఫలానావారికి. ఆ పేరుగలవాళ్లు ఇంట్లో ఉంటే 250, లేకపోతే 550, అలాంటివాళ్లు ఇక్కడెవరూ లేరు. విషయం చెప్పొచ్చా? 354, చెప్పు, అయిపోయాక ఒక లైనులో చుక్క ఒక్కటే పెట్టి ఊరుకో. అటువాడు ఉత్తరమంతా దించి, చివర ఒంటిచుక్క పెడతాడు. 250. ఆ ఆఖరి 250తో బాధ్యత చేతులు మారుతుంది. ఇక ఆ ఉత్తరం పోతే పోగొట్టినది మేమే. ఇంత పెద్ద వ్యవహారం ఒక చుక్క మీద నడుస్తోందంటే నమ్మబుద్ధి కాదు.

వచ్చిన ఉత్తరం ఒక ఫైలుగా డిస్కు మీద కూర్చుంటుంది. ఉత్తరానికో ఫైలు, కొత్తగా వచ్చినవి ఒక ఫోల్డర్లో, పాతవి ఇంకో ఫోల్డర్లో. ఈ మెయిల్‌డిర్ పద్ధతి డాన్ బెర్న్‌స్టీన్ తన క్యూమెయిల్ కోసం కనిపెట్టినది. ఏ యాప్ లేకుండా, ఏ కంపెనీ అనుమతి లేకుండా, మామూలు ఎడిటర్‌తో తెరిచి చదువుకోవచ్చు. నాకు దీనిలో ఉన్న ఆకర్షణంతా ఇదే. ఉత్తరాలు నా ఇంట్లో ఉన్నాయి. వాటిని చెరపాలంటే నేను చెరపాలి.

ఈ హక్కు ఎప్పుడూ మంచిదేనని అనను. ఇంట్లో మెయిల్ సర్వర్ అనే మాట ప్రపంచం మొత్తానికీ తెలిసింది 2015లో, హిల్లరీ క్లింటన్ పుణ్యమా అని. ఆవిడ అమెరికా విదేశాంగ మంత్రిగా ఉన్నప్పుడు వాడిన సర్వర్ న్యూయార్క్ దగ్గర చపాక్వాలో వాళ్లింట్లో ఉండేది. ఉత్తరాలు ఎవరింట్లో ఉంటే వాటిలో ఏది దాచాలో ఏది తీసేయాలో నిర్ణయించేదీ వాళ్లే అవుతారు, గొడవంతా అక్కడే వచ్చింది. సర్కారు కాగితం సర్కారు బీరువాలో ఉండాలి, అందులో నాకు సందేహం లేదు. నాకొచ్చే కరెంటు బిల్లుకీ, మా మేనల్లుడి ఉత్తరానికీ ఆ చిక్కు లేదు. మా ఆవిడకి మాత్రం ఇంకా గురి కుదరలేదు. "ఎవరి ఉత్తరాలు వాళ్లింట్లో ఉంటే మంచిదే. నా బ్యాంకువి మాత్రం ఆ చెప్పుల స్టాండు మీదకి తేకండి" అంది.

ఆవిడ భయం కరెంటు గురించి. ఎండాకాలం మధ్యాహ్నం పోతే ఎప్పుడొస్తుందో తెలియదు, లాప్‌టాప్ బ్యాటరీ ఎంతసేపని ఆగుతుంది? ఈ విషయంలో ఆ పాతకాలం పెద్దల ముందుచూపు చూస్తే ముచ్చటేస్తుంది. వాళ్ల కాలంలో యంత్రాలు పడుకునేవి, లైన్లు తెగేవి. అందుకని రూల్లోనే ఓర్పు రాశారు. అటుపక్క ఎవరూ పలక్కపోతే పంపేవాడు ఉత్తరాన్ని వరుసలో పెట్టుకుని కాసేపాగి మళ్లీ రావాలి, అప్పటికీ కాకపోతే మళ్లీ రావాలి. నాలుగైదు రోజులైనా ప్రయత్నించకుండా వదిలేయకూడదు. మా ఇంట్లో సాయంత్రం దాకా కరెంటు లేకపోయినా నష్టం లేదు. వచ్చాక గూగుల్ వాడూ, ఇన్‌కంటాక్సు వాడూ వరుసగా వచ్చి తలుపు తడతారు.

ఆ ఓర్పునే పరీక్షగా పెట్టే ఉపాయం కూడా ఉంది. గ్రేలిస్టింగ్ అంటారు, 2003లో ఎవాన్ హారిస్ ప్రతిపాదించాడు. ముక్కూమొహం తెలియనివాడు మొదటిసారి వస్తే 451, తర్వాత రా అని పంపించేయడం. అంతే. అసలైన మెయిల్ సర్వరయితే రూలు ప్రకారం మళ్లీ వస్తుంది. లక్షల అడ్రసుల మీద చెత్త జల్లుకుంటూ పోయే దొంగ ప్రోగ్రాముకి తిరిగొచ్చే తీరిక లేదు. వీడెవడు, ఏం తెచ్చాడు అని ఉత్తరం విప్పి చూడకుండానే సగం చెత్త పోతుంది. దీన్ని మొదటిసారి పెట్టినప్పుడు నాకెంత సంతోషమేసిందో చెప్పలేను. తర్వాత ఓటీపీలు తగిలాయి. పది నిమిషాల్లో వాడకపోతే చెల్లదని రాసుకుని వచ్చే ఓటీపీని మా సర్వర్ తర్వాత రమ్మంటుంది, అది బుద్ధిగా పావుగంట ఆగి వస్తుంది, అప్పటికి చెల్లదు. 1982 నాటి నిదానం, ఇప్పటి తొందర మా గుమ్మంలో ఢీకొన్నాయి. బ్యాంకులకి మినహాయింపు రాయక తప్పలేదు.

ఇదంతా పుచ్చుకునే వైపు కథ. దీనికి కూడా ముందు కొంత తతంగం ఉంది. పాత పద్ధతి ఇంటర్నెట్ అడ్రసులు మొత్తం 430 కోట్లే. 2011 ఫిబ్రవరిలో కేంద్ర నిల్వ అయిపోయింది. ముందొచ్చినవాళ్లు బస్తాల్లెక్కన పట్టుకుపోయారు. అమెరికాలో ఎంఐటీ అనే ఒక్క విద్యాసంస్థకి 1.6 కోట్లకు పైగా అడ్రసులుండేవి, అందులో సగాన్ని 2017లో అమ్మకానికి పెట్టింది. మనం వెనకొచ్చాం కాబట్టి ఒక అడ్రసు వెనక వందల ఇళ్లు సర్దుకోవాలి. మీ రౌటర్‌కి బయటివైపు వచ్చిన అడ్రసు 100.64 నుంచి 100.127 వరకు దేనితోనైనా మొదలైతే మీరూ ఆ ఉమ్మడి ఇంట్లోవాళ్లే. మీరు బయటికి వెళ్లొచ్చు, బయటివాళ్లు మీ గుమ్మంలోకి రాలేరు. సినిమాలు చూసేవాళ్లకి తేడా తెలియదు. ఉత్తరాలు రావాలంటే సొంత అడ్రసు, అదీ మారనిది కావాలి.

నెలకింత కడితే అలాంటి అడ్రసు, అంటే స్టాటిక్ ఐపీ, ఇస్తామన్నారు కనెక్షన్ కంపెనీవాళ్లు. వైరు చూడ్డానికొచ్చిన కుర్రాడు, "కెమెరాలకాండీ?" అని అడిగాడు. మెయిల్ కోసమన్నాను. "మెయిల్ ఫోన్లోనే వచ్చేస్తది కదండీ" అన్నాడు, నా వంక కొంచెం జాలిగా చూస్తూ.

అడ్రసు వచ్చింది. ఉత్తరాలు రావడం మొదలైంది. జవాబు రాస్తే కదల్లేదు.

ఉత్తరాలు యంత్రం నుంచి యంత్రానికి నడిచే దారి 25వ నంబరు పోర్టు. ఇళ్ల కనెక్షన్లలో దాన్ని బయటికి వెళ్లకుండా మూసేస్తారు, ఇక్కడే కాదు, చాలా దేశాల్లో. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే, అది తెరవాలంటే బిజినెస్ కనెక్షన్ తీసుకోవాలి, జీఎస్టీ నంబర్ ఉందా అన్నారు. ఉత్తరం రాసుకోవడానికి జీఎస్టీ నంబరు. సరే, తెరిచారే అనుకుందాం. అడ్రసు నుంచి పేరు వెతికే తిరుగు పట్టిక ఒకటుంటుంది, పీటీఆర్ అంటారు. అందులో నా డొమైన్ పేరుండాలి. రాసే హక్కు నాది కాదు, అడ్రసు ఇచ్చిన కంపెనీది. అదీ రాశారనుకుందాం. స్పామ్‌హాస్ అనే సంస్థ పెట్టే జాబితాల్లో పీబీఎల్ అని ఒకటుంది. అందులో ఉన్నవాళ్లు తప్పు చేసినవాళ్లు కారు. ఇళ్లకిచ్చిన అడ్రసులివి, వీటినుంచి నేరుగా ఉత్తరాలు రాకూడదు అని ముందే చెప్పే జాబితా అది. మా వీధి మొత్తం అందులో ఉంది, నేను పుట్టించిన మొదటి ఉత్తరం కన్నా ముందునుంచీ.

ఊళ్లో ఇల్లు అద్దెకి వెతుక్కున్నవాళ్లకి ఈ పద్ధతి కొత్త కాదు. ఓనరు మీరెలాంటివారని అడగడు, మీరేమిట్లు అని అడుగుతాడు. మీ జీతం, మీ బుద్ధి, మీ పాత ఓనరు ఇచ్చిన సర్టిఫికెట్టు ఆ తర్వాతి సంగతి. ముందు మీవాళ్లెవరో తేలాలి. మెయిల్ లోకంలో కూడా ఇప్పుడు అంతే. ఉత్తరంలో ఏముందో చూడకముందే ఏ పేటనుంచి వచ్చిందో చూస్తారు. సంతకాలున్నాయి, ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అని మూడు రకాల ధ్రువపత్రాలున్నాయి, నావి మూడూ సరిగ్గా ఉన్నాయి. ఈ ఉత్తరం నిజంగా ఈ డొమైన్ నుంచే వచ్చిందని అవి చెప్తాయి. ఈ డొమైన్‌ని నమ్మొచ్చని చెప్పవు. అది చెప్పాలంటే పరపతి కావాలి, పరపతి రావాలంటే ఉత్తరాలు చేరాలి, ఉత్తరాలు చేరాలంటే పరపతి కావాలి.

చివరికి ముంబైలో ఒక డేటా సెంటర్లో చిన్న యంత్రాన్ని నెలవారీ అద్దెకి తీసుకున్నాను. దానికీ 25వ పోర్టు మొదట మూసే ఉంది, బతిమాలి తెరిపించుకోవాల్సి వచ్చింది. నేను ఇక్కడ రాసిన ఉత్తరం, మా లాప్‌టాప్‌కీ ఆ యంత్రానికీ మధ్య వేసుకున్న సొరంగంలాంటి దారిలోంచి ముంబై వెళ్లి, అక్కడి అడ్రసుతో లోకంలోకి పోతుంది. విజయవాడలో ఉన్న మా అక్కకి రాసినా ముంబై మీదుగానే. వినడానికి నా చెవి నాకుంది, మాట్లాడ్డానికి గొంతు అద్దెది.

అయినా అన్నిచోట్లా గౌరవం దక్కిందనుకోకండి. ఒకరోజు మేనల్లుడు అమెరికానుంచి ఫోన్ చేసి, "మావయ్యా, మీ మెయిళ్లన్నీ స్పామ్‌లో ఉన్నాయి, కొరియర్ వాళ్ల మెయిల్ కోసం వెతుకుతుంటే కనిపించాయి" అన్నాడు. నా లాగ్ తీసి చూస్తే ప్రతి ఉత్తరానికీ 250 ఉంది. పుచ్చుకున్నాం అన్నారు, పుచ్చుకుని చెత్తడబ్బాలో పెట్టారు. నాకు కోపం తెప్పించిన విషయం ఇదొక్కటే. 550 అని మొహం మీద చెబితే అది రూలు, కారణం రాస్తారు, సరిచేసుకుంటాం. 250 అని నవ్వుతూ తీసుకుని పక్కన పారేయడం 1982 పత్రంలో లేదు. ఆ ఆఖరి చుక్క దగ్గర చేతులు మారిన బాధ్యతకి విలువ లేకుండా పోయింది.

ఇలా ఎవరు చేశారు అని వెతికితే దొంగ దొరకడు. 1978 మేలో డెక్ కంపెనీ అమ్మకాల మనిషి గ్యారీ థ్యూర్క్ తమ కొత్త కంప్యూటర్ల గురించి దాదాపు 400 మందికి ఒకే ప్రకటన పంపాడు. మొదటి స్పామ్ అదేనంటారు. అప్పట్లో తిట్టి ఊరుకున్నారు. చాలాకాలం దాకా ఎవరి ఉత్తరాన్నయినా ఎవరి సర్వరైనా ముందుకి చేరవేసేది, అది మర్యాద. ఆ మర్యాదని అమ్మకందార్లు వాడుకున్నారు, సర్వర్లవాళ్లు తలుపులు బిగించారు. 1997లో పాల్ విక్సీ మొదటి నల్లజాబితా పెట్టాడు, మరుసటి ఏడాది స్పామ్‌హాస్ వచ్చింది. అప్పుడు దొంగలు ఇళ్లమీద పడ్డారు. వైరస్ ఎక్కించి, యజమానికి తెలియకుండా ఇంట్లో కంప్యూటర్‌తోనే చెత్త పంపించడం. 2011 మార్చిలో మైక్రోసాఫ్ట్ కోర్టుకెళ్లి ఆపించిన రస్టాక్ అనే ముఠా యంత్రాలకి రోజుకి 3,000 కోట్ల స్పామ్ ఉత్తరాలు పంపే సత్తా ఉందని లెక్కేశారు. 2012 తొలి నెలల్లో సోఫోస్ సంస్థ జాబితాలో, ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ స్పామ్ బయల్దేరే దేశంగా అమెరికాని దాటి మొదటి స్థానంలో నిలిచింది మన దేశమే. కంప్యూటర్ కొత్తగా కొన్న ఇళ్లు, అప్‌డేట్ చేయని విండోసు, కొత్తగా వచ్చిన బ్రాడ్‌బ్యాండు. ఆ రోజుల్లో మా ఇంట్లో ఉన్న కంప్యూటర్ రాత్రుళ్లు ఏం చేసేదో నాకు మాత్రం ఏం తెలుసు?

అందుకే పోర్టు మూసినవాణ్ని తప్పుపట్టలేను. జాబితా రాసినవాణ్నీ పట్టలేను. రూలు ఎవరూ మార్చలేదు. ప్రతివాడూ తన గుమ్మం వరకు తాను తెలివైన పనే చేశాడు. అన్ని తెలివైన పనులూ కలిసేసరికి, కొత్తగా ఎవరైనా తన ఇంట్లోంచి నోరు విప్పే వీలు లేకుండా పోయింది.

అందులో నేనూ ఉన్నాను. మా సర్వర్ కూడా ఉత్తరం వచ్చిన ప్రతిసారీ స్పామ్‌హాస్‌ని అడుగుతుంది, ఈ అడ్రసు ఎలాంటిది అని. పీబీఎల్‌లో ఉంటే 550. లాగ్ చూస్తే ఎందుకో తెలుస్తుంది. రాత్రి పగలు తేడా లేకుండా ఎవరో ఒకరు అడ్మిన్ అని, ఇన్ఫో అని, టెస్ట్ అని పేర్లు చెప్పుకుంటూ పాస్‌వర్డులు గుచ్చి చూస్తుంటారు. ఆ జాబితా తీసేసి చూశాను, పొద్దున లేచేసరికి పెట్టె నిండా మందులూ లాటరీలూ. మళ్లీ పెట్టాను. అంటే కాకినాడలోనో కరీంనగర్లోనో నాలాంటి పిచ్చివాడు ఒకడు తన ఇంట్లోంచి నాకు నేరుగా ఉత్తరం రాస్తే, విప్పి చూడకుండా వెనక్కి పంపే మొదటి మనిషిని నేనే. మీరేమిట్లు అని అడిగే ఓనరు కుర్చీలో నన్నూ కూర్చోబెట్టారు, నేనూ కూర్చున్నాను.

పోనీ ఇంత తంటాలు పడి దక్కించుకున్నదేమిటని అడిగితే దానికీ లెక్కుంది. బెంజమిన్ మాకో హిల్ అనే అమెరికన్ పరిశోధకుడు ఏళ్లుగా సొంత మెయిల్ సర్వర్ నడుపుకుంటూ, గూగుల్ చేతికి తన ఉత్తరాలు చిక్కలేదనుకునేవాడు. 2014లో తన పెట్టె మొత్తం తవ్వి లెక్కగడితే, తను జవాబిచ్చిన ఉత్తరాల్లో అంతకుముందు ఏడాదివి సగానికి పైగా గూగుల్ యంత్రాల మీదుగానే వచ్చాయని తేలింది. అవతలివాళ్లందరూ అక్కడున్నప్పుడు ఇవతల మనం ఎక్కడుంటే ఏం? నా పెట్టె నేను లెక్కపెట్టలేదు. మా బంధువర్గంలో జీమెయిల్ లేనిది మా పెద్దనాన్నగారికొక్కరికే, ఆయనకి ఈమెయిలే లేదు.

సొంత సర్వరు కాబట్టి ఎవర్నీ అడగకుండా చేయగలిగిన పని ఒకటి చేశాను. తెలుగు లిపిలో, డాట్ భారత్ అని తెలుగులోనే ముగిసే డొమైన్ దొరుకుతుంది. ఎట్ గుర్తుకి ముందు కూడా తెలుగు రాసుకోవచ్చని 2012లో వచ్చిన రూలు ఉంది, పోస్ట్‌ఫిక్స్ దాన్ని పాటిస్తుంది. నా పేరు నా అక్షరాల్లో పెట్టుకున్నాను. జీమెయిల్‌కి రాస్తే చక్కగా వెళ్తుంది, అక్కణ్ణుంచి జవాబు కూడా వస్తుంది. మన దేశంలో నేను ఇప్పటిదాకా ఏ ఫారంలో ఇచ్చినా ఎర్ర అక్షరాల్లో సరైన ఈమెయిల్ ఇవ్వండి అనే వచ్చింది. మా కనెక్షన్ కంపెనీ ఫారంలో కూడా.

ఆ 550 సంగతి మాత్రం ఈమధ్య కొంచెం సడలించాను. ఇళ్ల అడ్రసులనుంచి వచ్చేవాటిని ఇప్పుడు పూర్తిగా కాదనడం లేదు, 451 అంటున్నాను, తర్వాత రమ్మని. తిరిగొస్తే ఒక ఫోల్డర్లోకి రానిస్తున్నాను. దొంగలు రారని తెలుసు, నాలాంటివాడెవడైనా ఉంటే వస్తాడని ఆశ. ఇప్పటిదాకా తిరిగొచ్చినవాటిలో మనిషి రాసిన ఉత్తరం ఒక్కటీ లేదు. ఒకటి మాత్రం ఓపిగ్గా, చెప్పిన టైముకి, రూలు తప్పకుండా రోజూ వస్తోంది. విప్పి చూస్తే డచ్ భాష. ఎవరింటి మీదో ఉన్న సోలార్ ఇన్వర్టరు, ఆ రోజు ఎన్ని యూనిట్లు పుట్టించిందో తన యజమానికి రాస్తున్న రిపోర్టు. అడ్రసులో ఒక అక్షరం తప్పు టైపు చేసుకున్నట్టున్నాడు పాపం. ఆ ఇన్వర్టరుకి చెప్పాలని జవాబు రాస్తే 550, అక్కడ అలాంటివాళ్లెవరూ లేరట. రావడం ఆపలేదు, నేనూ ఆపలేదు. నిన్న వాళ్లకి మబ్బు పట్టినట్టుంది, మూడు యూనిట్లే వచ్చాయి.